గోదావరి యిసుకలో తాబేటి పుట్టిల్లు



హుజూరాబాదునకు కడలి దూరమే. అయినను కరీంనగరు చెంతనున్న మానేరు గోదావరిలో గలియును. ఆ గోదావరియొక్క గౌతమీపాయ మోసికొనివచ్చిన యిసుకయే కాకినాడ యెదుట హోప్ ద్వీపమైనది. అది కోరింగ అభయారణ్యములోనిది.

ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేలు జనవరి మొదలు మార్చి వరకు రాత్రివేళ ఆ తీరమెక్కును. వెనుకకాళ్లతో గుంత త్రవ్వి, నూఱింటికి పైగా గ్రుడ్లుపెట్టి, యిసుక కప్పి, నీటికి మరలిపోవును. పొదుగు పని యిసుక వేడిమిదే. సుమారు 50 దినములకు పిల్లలు వెలువడును. వేడిమి హెచ్చిన ఆడుపిల్లలు, తగ్గిన మగపిల్లలు అధికముగ పుట్టును.

వన్యప్రాణి సంరక్షణ చట్టము (1972) మొదటి పట్టిక దీనికి రక్షణ నిచ్చుచున్నది. ఐనను మరపడవల వలలలో జిక్కిన తాబేళ్లు ఊపిరికై పైకి రాలేక చచ్చుచున్నవి. తాబేలు వెడలిపోవుటకు వలలో ద్వార మమర్చినచో ఈ చావులు తగ్గును. కుక్కలు, నక్కలు గ్రుడ్లను త్రవ్వి తినుచున్నవి.

ఇంకొక ముప్పు ఎగువనుండి వచ్చినది. ఆనకట్టలు ఒండ్రును నిలుపుటచే తీరమునకు జేరు మేట తగ్గి, ఒడ్డు కోతకు గురియగుచున్నది. పైరుకు ఆనకట్ట కావలయును. తాబేటికి యిసుక కావలయును. కావున మానేటి యిసుకను మితముగ వాడుకొనుట ఎగువవారు చేయదగిన మేలు. ఈ సంగతి గ్రంథాలయమునకు వచ్చు బాలురకు తెలియుట మంచిది.