శరత్కాలము – ఆనవాళ్లు



భాద్రపదము కడచి ఆశ్వయుజము వచ్చినది. వానకాలమంతయు ఎఱ్ఱగా పాఱిన యేళ్లు ఇపుడు తేరి, అడుగున నున్న గులకఱాళ్లను చూపుచున్నవి. అగస్త్యుడు ఉదయించిన పిమ్మట జలములు నిర్మలములగునని పెద్దల మాట. నక్షత్రము చేతనా, వానలు వెనుకబట్టి వండలి దిగుట చేతనా యని బడిలో పిల్లలు నన్నడుగుచుండెడివారు. వండలి దిగుట చేతనేయని చెప్పి, అయినను తెల్లవారుజామున లేచి దక్షిణపు దిక్కున ఆ నక్షత్రమును చూడుడని చెప్పెడివాడను.

ఆత్మీయులను పోగొట్టుకొన్నవారికి ఈ ఋతువు ఏమి యూరట నిచ్చును? వాల్మీకి రామాయణమున శరత్తు రాగానే రాముని శోకము తగ్గలేదు, హెచ్చినది. వానలో మనసును లోకముతోపాటు మసకబాఱియుండును. తెల్లని వెన్నెలలో లోటు లోటుగానే కనబడును. కాని వానలు వెలియగా బాటలు ఆఱినవి. నాలుగు నెలలు కొండగుహలో కూర్చున్నవాడు సీతను వెదకించు పనికి పూనుకొన్నాడు. శరత్తు ఇచ్చు ఊరట యింతియేయని నా తలంపు: దుఃఖమును తీసికొనిపోదు, చేతికి పని నిచ్చును.

ఆ కథలోనే ఆనవాళ్లును కలవు. సీత ఉత్తరీయమున మూటగట్టి జాఱవిడిచిన నగలను సుగ్రీవుడు చూపగా రాముడు రొమ్మునకు హత్తుకొని యేడ్చెను. పిదప హనుమంతుడు చూడామణిని తెచ్చి యిచ్చినప్పుడు ఆయనకు సీత యొక్కతెయే తలపునకు రాలేదు. పెండ్లినాడు దాని నిచ్చిన జనకుడును, తన తండ్రి దశరథుడును కన్నులకు గట్టినట్లయినది. ఒక్క మణిలో ముగ్గురు!

నా భార్య మూడేండ్ల క్రిందట శ్రావణమాసమున గతించినది. వానలు తగ్గిన పిమ్మట, ఏటేట చేయునట్లే, పెట్టెలు తెఱచి బట్టలను, తాటాకు పుస్తకములను ఎండకు వేసితిమి. వేపాకుల నడుమ, ఆమె కుట్టుచు విడిచిన బొంత యొకటి బయటపడినది. సూది దానికే గుచ్చియున్నది. మా యమ్మ చీరముక్క, మా పిల్లవాడు బడికి తొడిగిన చొక్కాముక్క, ఆమె తన పెండ్లినాటి రవికముక్క, అన్నియు అందున్నవి. కంటియెదుట నుంచుకొన్నచో దుఃఖము పెరుగును, ఎవరికైన ఇచ్చివేయుడని బంధువులు మందలించిరి. నేను వినలేదు.

మా కోడలు మాత్రము, “మామయ్యగారూ, ఇది నేను పూర్తి చెయ్యనా?” అని యడిగినది. నాలుగు దినములు నాకు మాట రాలేదు. వేఱొక చేయి పడినచో ఆమె చేయి చెఱిగిపోవునని భయము. అయిదవనాడు సరే యన్నాను. కార్తికమునకు బొంత పూర్తియైనది. ఆమె కుట్టు దగ్గఱ దగ్గఱగా నుండును, కోడలి కుట్టు కొంచెము ఎడము. కన్నులు మూసికొని వ్రేలితో తడిమినను ఒకరి కుట్టు ఎచట నిలిచెనో, మఱియొకరిది ఎచట మొదలయ్యెనో తెలియును. మనుమడు దానిమీదనే పరుండును. వానికి ఆ ముక్కల పేరులన్నియు వచ్చును. ఎన్నడును చూడని ముత్తవ్వను “ఆకుపచ్చ అవ్వ” యనును.

మన పంచాంగమును చూడుడు. భాద్రపద బహుళపక్షము పితృదేవతలది. అందు నవమిని అవిధవానవమి యనియు, పుణ్యస్త్రీలుగా పోయినవారి దినమనియు వేఱుగా ఏర్పఱచిరి. అమావాస్య గడచిన మఱునాడే నవరాత్రములు. నడుమ ఒక్క దినమైనను విడువలేదు. ఆ నవమినాడు నేను తర్పణము చేసి లేచునప్పటికి, ఇంటిలో బొమ్మలకొలువునకై మెట్లు కడుగుచుండిరి. మొదటి యేడు అది నాకు కష్టముగా తోచినది. ఈ యేడు మెట్లకు చేయి వేసితిని.

పోయినవారి వస్తువు లన్నియు దాచవలయునని నేననను. తాళము వేసిన పెట్టెకు చెదలు పట్టును. చేతికి పనికివచ్చునది ఒక్కటి చాలును.  పెట్టె తెఱవదలచినవారు ఈ పక్షములోనే తెఱవవచ్చును. కార్తికము వచ్చినచో ఉదయమున మంచు కురియును.