పాత డాస్ గేమ్స్ కొత్త విండోస్‌లో ఎందుకు నడవవు? ఎలా నడిపించాలి?

ఈ రోజు మాట్లాడబోయే విషయం మీలో చాలామంది ఎప్పటి నుంచో అడుగుతున్నదే. "అన్నా, చిన్నప్పుడు ఆడిన ప్రిన్స్ గేమ్ కొత్త ల్యాప్‌టాప్‌లో ఓపెన్ అవ్వట్లేదు, ఏం చేయాలి?" అని. ఇన్నాళ్ళూ తర్వాత చూద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. పోయిన నెలలో అదే సమస్య నా నెత్తి మీదకి వచ్చింది.

మా బాబాయి ఊళ్ళో డీటీపీ సెంటర్ నడిపేవాడు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట పని లేనప్పుడు ఆయన విండోస్ 98 కంప్యూటర్ మాదే. మాదంటే నాది, మా అక్కది. ఈ మధ్య షాపు ఖాళీ చేస్తూ ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆ పాత సీపీయూ పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నా. నీకేమన్నా కావాలా?" అని. "ఆగు బాబాయ్, ఇవ్వకు" అన్నాను. ఎందుకంటే మా ఇంట్లో ఒక పాత తగువు ఆ డబ్బాలోనే ఉంది.

1999 వేసవిలో మా అక్క ప్రిన్స్ ఆఫ్ పర్షియా పూర్తి చేశానంది. పైగా ఇంకా పదకొండు నిమిషాలు మిగిలాయి అంది. ఆ రోజు నేను అక్కడ లేను. నమ్మలేదు. అప్పటి నుంచి ఏ పండక్కి కలిసినా ఈ గొడవ ఒకసారి రావాల్సిందే. ఆ గేమ్ తెలియనివాళ్ళ కోసం చెప్తాను. అరవై నిమిషాల్లో కోటలోంచి బయటపడి రాకుమారిని కాపాడాలి. గడియారం తిరుగుతూనే ఉంటుంది. గడువు దాటిందా, అంతే సంగతులు. గెలిస్తే మన పేరు అడిగి, మిగిలిన టైముతో కలిపి ఒక జాబితాలో రాసిపెడుతుంది. ఆ జాబితా గేమ్ ఫోల్డర్‌లోనే ప్రిన్స్ డాట్ హెచ్‌ఓఎఫ్ అనే చిన్న ఫైల్‌లో ఉంటుంది. అంటే సాక్ష్యం ఏదన్నా ఉంటే ఆ హార్డ్ డిస్క్‌లోనే ఉండాలి.

సరే, అసలు పనిలోకి వద్దాం. మొదటి మెట్టు డిస్క్ చదవడం. ఆ సీపీయూని ఉన్నపళంగా ప్లగ్‌లో పెట్టి ఆన్ చేయలేదు. ఇన్నేళ్ళు మూలన పడున్న పవర్ సప్లైని నమ్మలేం. డిస్క్ ఊడదీశాను. అది ఐడీఈ రకం, వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది చూడండి, అది. ఇప్పటి మదర్‌బోర్డుల్లో ఆ సాకెట్టే ఉండదు. ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ దొరుకుతుంది. ఒక జాగ్రత్త: డెస్క్‌టాప్ డిస్క్ తిరగడానికి 12 వోల్టుల కరెంటు విడిగా కావాలి, యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతో పని జరగదు. కాబట్టి పవర్ అడాప్టర్ కూడా కలిపి ఇచ్చేదే తీసుకోండి.

డిస్క్ తిరిగింది. ఫోల్డర్ కనిపించింది. వెంటనే గేమ్ తెరవాలని చెయ్యి లాగుతుంది కదా? తెరవకండి. ముందు మొత్తం కాపీ చేయండి, రెండు చోట్ల. ఆ తర్వాత పాత డిస్క్ ఊడదీసి పక్కన పెట్టేయండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇప్పుడు రెండో మెట్టు. కాపీ చేసిన ఫోల్డర్‌లో ప్రిన్స్ మీద డబుల్ క్లిక్ చేశాను. "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని విండోస్ ఒక నీలం డబ్బా చూపించింది. ఇక్కడే చాలామంది ఫైల్ పాడైపోయిందనుకుని డిలీట్ చేసేస్తారు. ఫైల్ పాడవ్వలేదండి. మారింది దాని కింద ఉన్న నేల.

కొంచెం వివరంగా చూద్దాం. ప్రిన్స్ లాంటి డాస్ గేములు 16 బిట్ ప్రోగ్రాములు. కంప్యూటర్ మొత్తం తనదే అనుకుని నడుస్తాయి. స్క్రీన్ మెమరీలోకి నేరుగా రాస్తాయి, సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడతాయి. 1985లో ఇంటెల్ 386 ప్రాసెసర్ వచ్చినప్పుడు అందులో వర్చువల్ 8086 అనే ఏర్పాటు పెట్టారు. పాత ప్రోగ్రాముని ఒక గదిలో కూర్చోబెట్టి, ఇల్లంతా నీదే అని నమ్మించడం అన్నమాట. 32 బిట్ విండోస్ ఎక్స్‌పీలో డాస్ గేములు నడిచింది ఆ ఏర్పాటు మీదే. కానీ ప్రాసెసర్ 64 బిట్ మోడ్‌లోకి వెళ్ళాక ఆ గది ఉండదు. అందుకే 64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు నడిపే భాగాన్నే మైక్రోసాఫ్ట్ పెట్టలేదు. విండోస్ 10 వరకు 32 బిట్ రకం కూడా ఉండేది. 2021లో వచ్చిన విండోస్ 11 పీసీలకి 64 బిట్‌లో మాత్రమే ఉంది.

రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ మోడ్ పెడితే సరిపోతుందని కొందరు చెప్తారు. డాస్ గేములకి అది పనికి రాదు. విండోస్ కోసం రాసిన పాత గేమ్‌కి "ఇది విండోస్ 98 లే" అని అబద్ధం చెప్పడానికి పనికొస్తుంది అంతే. లేని గదిని అది కట్టలేదు.

మరి దారేంటి? డాస్‌బాక్స్. 2002 నుంచి ఉచితంగా దొరుకుతున్న ప్రోగ్రాం. ఇది పాత ప్రాసెసర్‌ని, సౌండ్ బ్లాస్టర్ కార్డుని, వీజీఏ స్క్రీన్‌ని, అన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లోనే నటించి చూపిస్తుంది. దీన్నే ఎమ్యులేషన్ అంటారు. నిజం ప్రాసెసర్‌లో ఆ గది ఉందా లేదా అనేది దీనికి అనవసరం. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ కూడా నడుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసి తెరిస్తే నల్ల స్క్రీన్ వస్తుంది. భయపడొద్దు. మౌంట్ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, సి అక్షరం కొట్టి, మళ్ళీ స్పేస్ ఇచ్చి, గేమ్ ఉన్న ఫోల్డర్ దారి రాయండి. ఫోల్డర్ పేరు చిన్నదిగా, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టుకోండి. ఎంటర్. తర్వాత సి, పక్కన కోలన్, ఎంటర్. ఆ తర్వాత గేమ్ పేరు, ఎంటర్. అంతే. ప్రతిసారీ ఇది కొట్టడం బద్ధకం అనిపిస్తే, డాస్‌బాక్స్ సెట్టింగ్స్ ఫైల్‌లో చివర ఆటోఎక్సెక్ అనే భాగం ఉంటుంది, ఈ మూడు లైన్లూ అక్కడ రాసి సేవ్ చేయండి.

ఇక్కడ రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి వేగం. కొన్ని పాత గేములు ప్రాసెసర్ ఎంత వేగంగా పరిగెడితే అంత వేగంగా ఆడేస్తాయి. పాత సీపీయూల మీద టర్బో అనే బటన్ ఉండేది గుర్తుందా? చాలామంది అది వేగం పెంచడానికే అనుకునేవాళ్ళు. ఇలాంటి ప్రోగ్రాముల కోసం వేగం తగ్గించడమే దాని అసలు ఉపయోగం. డాస్‌బాక్స్‌లో కంట్రోల్ ఎఫ్11 కొడితే వేగం తగ్గుతుంది, కంట్రోల్ ఎఫ్12 కొడితే పెరుగుతుంది. ల్యాప్‌టాప్ అయితే ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు.

రెండోది బొమ్మ ఆకారం. ఆ గేముల స్క్రీన్ అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు. అప్పటి మానిటర్ దాన్ని నిలువుగా కొంచెం సాగదీసి నాలుగుకి మూడు నిష్పత్తిలో చూపించేది. ఇప్పుడు సాగదీయకపోతే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. సెట్టింగ్స్ ఫైల్‌లో ఆస్పెక్ట్ అనే చోట ఫాల్స్ తీసేసి ట్రూ అని పెట్టండి. రాకుమారుడు మళ్ళీ సన్నబడతాడు.

ఇక విండోస్ 95 తర్వాత వచ్చిన గేముల సంగతి వేరు. వీటిలో చాలావరకు 32 బిట్‌వి, కాబట్టి గేమ్ నడిచే అవకాశం ఉంది. కానీ కొన్నిసార్లు గేమ్ 32 బిట్ అయినా దాన్ని ఎక్కించే సెటప్ ప్రోగ్రాం 16 బిట్ ఉంటుంది. తలుపు దగ్గరే ఆగిపోతామన్నమాట. డైరెక్ట్‌ప్లే కావాలని అడిగితే విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపొనెంట్స్ కింద టిక్ పెట్టండి. గ్రాఫిక్స్ గందరగోళంగా ఉంటే డీజీవూడూ 2 అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, పాత డైరెక్ట్ఎక్స్ మాటల్ని ఇప్పటి కార్డుకి అర్థమయ్యేలా మారుస్తుంది. ఏదీ కుదరకపోతే పీసీఈఎం, 86బాక్స్ లాంటి వాటిలో ఒక పాత కంప్యూటర్ మొత్తాన్ని నటింపజేసి, అందులో విండోస్ 98 ఎక్కించుకోవచ్చు. ఓపిక ఉంటే.

ఒరిజినల్ సీడీ ఉండి కూడా గేమ్ నడవకపోతే, అది సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ వల్ల కావచ్చు. దాని డ్రైవర్ విండోస్ లోలోపలి భాగంలో నడిచేది. అందులో భద్రతా లోపాలు ఉండటంతో 2015లో విండోస్ 10 దానికి సపోర్ట్ తీసేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకి ఇది నిజంగా బాధే. అలాగని కనపడిన సైట్‌లోంచల్లా క్రాక్ దించుకోకండి, వైరస్‌లు వచ్చేది ఆ దారిలోనే. గాగ్, స్టీమ్‌లలో పాత గేములని కొత్త విండోస్‌కి సరిచేసి అమ్ముతున్నారు. మీ గేమ్ అక్కడ ఉందేమో ముందు చూడండి.

ఇప్పుడు, ముందు కాపీ చేయండి అని ఎందుకన్నానో చెప్తాను. ప్రిన్స్ ఆఫ్ పర్షియాని తయారు చేసిన జోర్డాన్ మెక్నర్, ఆ పరుగులూ గెంతులూ సహజంగా రావాలని తన తమ్ముడు డేవిడ్‌ని పరిగెత్తించి వీడియో తీశారు. దాన్ని చూస్తూ ఒక్కో బొమ్మా గీశారు. 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద గేమ్ వచ్చింది, మరుసటి ఏడాది డాస్ మీదకి వచ్చింది. కానీ ఆపిల్ సోర్స్ కోడ్ ఎక్కడుందో ఆయనకే తెలియకుండా పోయింది. 2012లో వాళ్ళ నాన్నగారికి ఇంట్లో ఒక పెట్టెలో ఆ డిస్కులు దొరికాయి. ఇలాంటి పనిలో ఆరితేరినవాళ్ళని పిలిపించి, జాగ్రత్తగా చదివించి, ఆ కోడ్‌ని అందరికీ అందుబాటులో పెట్టారు. రాసినాయన దగ్గరే అలా జరిగితే, మన అటక మీద డిస్కుల గతి ఆలోచించండి.

నేను చెప్పేది ఒక్కటేనండి. గేమ్ ఎక్కడో ఒక చోట మళ్ళీ దొరుకుతుంది. మీరు ఆడిన ఆట మాత్రం మీ డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా ఉండదు. విండోస్ మారినందుకు ఆట పోదు, దానికి డాస్‌బాక్స్ ఉంది. డిస్క్ పాత సామాన్లవాడికి వెళ్ళిందా, ఇక ఎవరూ తేలేరు. ఇంకో సంగతి, ఈ గేమ్‌లో సేవ్ ఒక్కటే ఉంటుంది. కంట్రోల్ జి కొడితే కొత్తది పాతదాని మీదే పడుతుంది. అందుకే ఆడేది ఎప్పుడూ కాపీ మీదే.

మరి తగువు ఏమైంది అంటారా? డాస్‌బాక్స్‌లో గేమ్ తెరిచి, ఏ కీ ముట్టుకోకుండా కథ అయ్యేదాకా కూర్చున్నాను. జాబితా వచ్చింది. ఒక్కటే పేరు. మా అక్కది. ఫైల్ తేదీ చూస్తే 1999 మే. మిగిలిన టైము మాత్రం పదకొండు నిమిషాలు కాదు, నాలుగు. తర్వాత కంట్రోల్ ఎల్ కొట్టి నా సేవ్ కూడా తెరిచాను. తొమ్మిదో లెవెల్, చేతిలో మూడు నిమిషాలు. గెలిచే దారే లేని ఆటని అంత జాగ్రత్తగా దాచుకున్నాను!

స్క్రీన్ ఫోటో తీసి అక్కకి పంపి ఫోన్ చేశాను. "అక్కా, గెలిచావ్, ఒప్పుకుంటున్నా. కానీ నాలుగు నిమిషాలేగా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ కుర్చీ కూడా ఉందేమో బాబాయిని అడగరా" అంది. కుర్చీ అప్పటికే వెళ్ళిపోయింది.

కాబట్టి ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. అటక మీద పాత సీపీయూ, ఫ్లాపీలు, రాసిన సీడీలు ఏమన్నా ఉంటే దించండి. ఎక్కడైనా ఆగిపోతే ఏ గేమ్, ఏ విండోస్, ఏ మెసేజ్ వచ్చిందో రాసి పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. అంతవరకు సెలవు. నమస్కారం.