ఆరోగ్యవార్త యెవరి నోట వినవలెను?



ఈ పఠనమందిరపు బల్లపై పత్రికలున్నవి. చదువవచ్చిన వారి చేతులలో ఫోనులున్నవి. ఇందులకు మేము విచారింపము. జ్వరము తగిలిన గృహస్థు నేడు వైద్యుని కంటె ముందు వాట్సాపును సంప్రదించుచున్నాడు. ఆ వాట్సాపు వాని కేమి చెప్పుచున్నది? అదియే నేటి మన ప్రశ్న.

2020 ఫిబ్రవరిలో కోడిమాంసము వలన కరోనా సోకునని యొక వదంతి వ్యాపించెను. పుట్టించిన వాడెవడో తెలియదు. నష్టపోయిన వారు మాత్రము కోళ్లు పెంచుకొను రైతులు. ఆ నెల 28వ తేదీన హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదికపై నిలిచి, పదిమంది యెదుట కోడిమాంసము తిని చూపవలసి వచ్చెను. కొందరు నవ్విరి. మేము నవ్వలేదు. నూరు ప్రకటనలు చేయలేని పనిని కంటికి కనబడు చేత చేయగలదని వారెరిగిరి. అదే యేడు ఇరానులో, మద్యము త్రాగిన కరోనా దరిచేరదను మాట ఫోనులలో ప్రాకగా, విషమగు మిథనాలు త్రాగి వందలకొలది జనులు మరణించిరి. ఇట్టి ఉపద్రవమును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇన్ఫోడెమిక్ అనెను; అనగా వార్తల మహమ్మారి.

అసత్యమున కింత బలమెక్కడిది? అది మేనమామ పంపగా వచ్చును. మన యింటి మాటలో వచ్చును. భయమును, దానికి విరుగుడును ఒక్క ఊపిరిలో చెప్పును. సత్యమో, కచేరీ నుండి వచ్చును. "లక్షణరహిత వ్యక్తులు స్వీయ నిర్బంధము పాటించవలెను" అని యాజ్ఞాపించును. నీకు జ్వరము లేకున్నను నీ వలన ఇతరులకు సోకవచ్చును, కొన్నాళ్లు ఇల్లు కదలకుము అనిన నేమి లోపము? మీ పత్రిక భాష మాత్రమేమి సులభమని వెనుక బల్లవారు గుసగుసలాడుచున్నారు. కానిండు. సంపాదకీయమునకు బిగువు చెల్లును, మందుచీటికి చెల్లదు.

ఒక యుదాహరణము. పసిబిడ్డకు నీళ్లవిరేచనములు పట్టినపుడు ప్రాణము తీయునది ఒంటిలోని నీరును ఉప్పును తరిగిపోవుట. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదారను, అర చిన్న చెంచా ఉప్పును, చెంచా అంచునకు సమముగా కొలిచి, కరగించి, కొంచెము కొంచెముగా పట్టవలెను, చనుబాలు మానరాదు. బిడ్డ మగతగా నున్నను, త్రాగలేకున్నను, విరేచనములో రక్తము పడినను తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను. ఇంతియే సందేశము. కాని పది చేతులు మారునప్పటికి "అర" యను మాట జారిపోయిన నేమగును? ఉప్పెక్కువైన నీరు బిడ్డకు అపాయము. కావున కొలతను వ్రాసి ఊరకుండరాదు. చెంచాను, సీసాను చూపుచు, కలిపి చూపుచు, చదువురాని తల్లియు వినునట్లు నోటితో చెప్పుచు, తేదీతోను ఆసుపత్రి పేరుతోను పంపవలెను.

తెలియనిది తెలియదని చెప్పుట అధికారులకు నామోషి. 2020 తొలిమాసములలో సామాన్యులకు మాస్కు అక్కరలేదని పలుదేశములవారు చెప్పిరి. జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థయే, వ్యాధి ప్రబలిన చోట్ల, ఎడము పాటింప వీలులేని తావుల ధరింపవలెననెను. క్రొత్త సంగతి తెలియగా మాట మారుట శాస్త్రధర్మము. ఏల మారినదో చెప్పనియెడల మాత్రము జనులు దానిని మోసమే యనుకొందురు. వారిని మూఢులని నిందించుట అన్యాయము.

ఒక సందేశమును ఒక్కమారు అయిదు చోట్లకు మించి పంపరాదని 2018లో వాట్సాపు మన దేశమున కట్టడి చేసెను. పలుమార్లు చేతులు మారినదానిని ఒక్క చోటికే పంపవలెనని 2020 ఏప్రిలులో బిగించెను. దీని వలన అబద్ధము నడక మందగించును. అంతమాత్రమున నిజము ఇల్లు చేరదు.

నిజమును ఇల్లు చేర్చిన వారిని మన దేశము చూచియున్నది. పోలియో చుక్కలు వేసిన బిడ్డలకు పెద్దయిన పిదప సంతానము కలుగదని ఉత్తరప్రదేశమున వదంతి వ్యాపించి, తల్లులు తలుపులు మూసిరి. వైద్యుల వాదము చాలలేదు. ఆ వీథి స్త్రీలే ఇంటింటికి పోయిరి. మసీదు పెద్దలు తమ నోట చెప్పిరి. 2011 జనవరిలో హౌరా జిల్లాలో కనబడిన కేసు కడపటిదయ్యెను. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా దేశములతో పాటు భారతదేశము పోలియో రహితమని ధ్రువపరుపబడెను. ఆ యెరిగిన మొగములే నేడు ఫోనులోనికి రావలెను.

ప్రతి వానకాలమును డెంగీతో పాటు డెంగీ చిట్కాలును వచ్చును. ఈ పఠనమందిరమువారి వాట్సాపు బృందములో ఈ పేట ఆశా కార్యకర్తను, ఒక వైద్యుని వెంటనే చేర్పవలెనని కార్యదర్శిగారిని కోరుచున్నాము. ఎవరైన ఒక చిట్కా పంపినపుడు వారిద్దరిలో నొకరు ఆనాడే బదులీయవలెను. ముందు నిజమును, పిదప అబద్ధమును ఒక్కమారు మాత్రమే చెప్పి, పంపినవానిని పదిమందిలో పరిహసింపక, మర్యాదగా బదులీయవలెను.