పెద్దపిల్లల బొమ్మలు – చిన్నపిల్లల కన్నులు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ధనుర్మాసమున తెల్లవారుజామున తెలుగు పల్లెలో వీధివెంట నడచువారికి ఒక చిత్రప్రదర్శనము కానవచ్చును. దానికి ప్రవేశరుసుము లేదు. ప్రారంభోత్సవము చేయు అధికారియు లేడు. కళ్లాపి చల్లిన వాకిటియందు పదునాలుగు పదునైదేండ్ల పిల్ల వంగి చుక్కలు పెట్టుచుండును. ప్రక్కన ఐదేండ్ల చెల్లెలు ముగ్గుచిప్ప పట్టుకొని నిలుచుండును. మొదట ఆ చిన్నదాని పని పిండి యందించుట మాత్రమే. కొన్నాళ్లకు అక్క పెద్దముగ్గు ముగించి లోనికి పోయిన పిమ్మట, అరుగు ప్రక్కన మిగిలిన జానెడు చోటులో చెల్లెలు తన నాలుగు చుక్కలు పెట్టి, వంకరటింకరగా గీతలు కలుపును. అది అక్క ముగ్గువలె నుండదు. ఉండవలెనని యెవరును కోరరు. ముగ్గుల పుస్తకములు అంగళ్లలో దొరకుచున్నమాట నిజమే కాని, అవి పుట్టకమునుపే ఈ విద్య అక్కనుండి చెల్లెలికి, చెల్లెలినుండి మరియొక చెల్లెలికి సంక్రమించుచు వచ్చినది.

ఇందలి రహస్యము దూరమునందున్నది. మహాచిత్రకారుని పటమును చూచి పసివాడు ఆశ్చర్యపడును, నమస్కరించి వెళ్లిపోవును. ఎదురింటి అన్న వ్రాసిన ఎద్దుబండి బొమ్మను చూచినచో అట్లు వెళ్లిపోడు. ఆ అన్న నిన్న తనతో గోలీలాడినవాడు. వాని చేతికి వచ్చినది తన చేతికి రాకపోవునా యని తలంచును. పలకయు బలపమును వెదకికొనును.

మరి కాగితముమీది బొమ్మకు వాకిటి ముగ్గుకున్న భాగ్యమేల లేదు? ఉన్నతపాఠశాలలో బొమ్మలు వ్రాయు బాలబాలికలు లేకపోలేదు. వార్షికోత్సవమునాడు అవి గోడల నలంకరించును. అతిథిగారు చేతులు వెనుకకు కట్టుకొని ఒక్కసారి చుట్టివత్తురు. మరునాడు అవి కట్టగట్టబడి బీరువాలో చేరును. ఆపై వానిని శ్రద్ధగా పరిశీలించునవి చెదపురుగులే. ప్రాథమిక పాఠశాల వేరొకచోట నుండుటచే చిన్నపిల్లల కంట అవి పడనే పడవు. ఊరిలో ఆరేండ్లవాడును పదునారేండ్లవాడును ఒకే కప్పుక్రింద కూర్చుండు చోటు గ్రంథాలయ మొక్కటియే. కావుననే ఈ సభలో ఈ ప్రస్తావన.

పాశ్చాత్యదేశములలో పిల్లల బొమ్మలకు గౌరవము తెచ్చినవారిలో ఫ్రాంజ్ చిజెక్ ముఖ్యుడు. ఆయన 1865లో బొహీమియాలో జన్మించి, చిత్రలేఖనము నేర్చుటకై 1885లో వియన్నా చేరి, ఒక వడ్రంగి ఇంట బసచేసెను. ఆ ఇంటి కెదురుగా పొడవైన కొయ్యకంచె యుండెను. వీధిపిల్లలు దానిమీద సుద్దతో బొమ్మలు గీయుచు, చోటుకొరకు పోటీపడుచుండిరి. ఆ కంచెయే ఆయనకు గురువైనది. 1897లో ఆయన పిల్లల చిత్రకళా తరగతి ప్రారంభించెను. పెద్దల పటములను చూచి నకలు చేయించు నాటి పద్ధతి నాయన త్రోసిపుచ్చెను.

ఇంగ్లాండులో బొగ్గుగనుల, ఇనుపకొలుముల ప్రాంతమైన డడ్లీ పట్టణములో మారియన్ రిచర్డ్‌సన్ అను యువతి 1912లో బాలికల ఉన్నతపాఠశాలలో చిత్రలేఖనోపాధ్యాయినిగా చేరెను. ఆమె బాలికలను కన్నులు మూసికొనుమని చెప్పి, ఒక వీధినో, సంతనో, దీపకాంతిలోని అంగడినో మాటలతో వర్ణించెడిది. మనసులో నిలిచిన దానిని వారు వ్రాసెడివారు. 1917లో లండనులోని ఒమేగా కార్యశాలలో రోజర్ ఫ్రై అను కళావిమర్శకుడు పిల్లల బొమ్మల ప్రదర్శన మేర్పాటు చేసియుండగా, ఈమె తన విద్యార్థినుల బొమ్మలు తీసికొనిపోయి చూపెను. ఆయన ముగ్ధుడై వానికిని అచ్చట చోటు కల్పించెను. పొగగొట్టముల ఊరి బాలికల బొమ్మలు రాజధానిలో గోడకెక్కినవి. అంతకంటె ఇచ్చట చెప్పదగినది మరియొకటి కలదు. పెద్దపిల్లలతో ఇంత సాధించిన రిచర్డ్‌సన్ తరువాత పసిపిల్లల వైపు తిరిగెను. ఒకే గీతను మరల మరల కలుపుచు అల్లికలు కల్పించి, వానిద్వారా చేతివ్రాత నేర్పు పుస్తకములను 1935లో వెలువరించెను. ఆ అల్లికలను చూచిన తెలుగువారికి ముగ్గు జ్ఞాపకము రాకమానదు. చిజెక్, రిచర్డ్‌సన్ ఇరువురును 1946లోనే కన్నుమూసిరి.

ఇక రాజమహేంద్రవరము మాట. వియన్నాలో ఆ తరగతి ప్రారంభమైన 1897వ సంవత్సరముననే దామెర్ల రామారావు జన్మించెను. ప్రభుత్వ కళాశాల ప్రధానాచార్యుడైన కూల్డ్రే దొరగారు ఆ కుఱ్ఱవాని గీతలను గమనించి ప్రోత్సహించెను. అడివి బాపిరాజు కూడ ఆయన శిష్యుడే. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి వచ్చి ఆంధ్ర చిత్రకళకు ప్రాణము పోసి, 1925లో మశూచిచే ఇరువది యెనిమిదేండ్లు నిండకయే మరణించెను. ఆయన భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రములు వ్రాసిరి. వారికి ఇల్లే ప్రదర్శనశాల. నాడొక దొర దృష్టి ఒక బాలుని నోటుపుస్తకముపై పడకున్నచో ఏమగునో యని తలంచిన గుండె ఝల్లుమనును. అట్టి దృష్టి పడని నోటుపుస్తకములు ఎన్ని చిత్తుకాగితముల క్రింద పోయినవో!

ఒక ఆక్షేపణ కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. పెద్దపిల్లల బొమ్మలు చూపినచో చిన్నవారు అనుకరణలో పడి తమ సొంతగీతను పోగొట్టుకొందురని కొందరందురు. ఈ వాదమునకు పెద్ద ఆధారము విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రకటించిన గ్రంథము. పరుల గీతలలో రంగులు నింపించుటవలన పిల్లవాడు తన చేతిపై నమ్మకము కోల్పోవునని ఆయన హెచ్చరించెను. 1977లో విల్సన్ దంపతులు మరియొక సంగతి చూపిరి: పిల్లల బొమ్మలు శూన్యమునుండి పుట్టవు, చూచిన బొమ్మలనుండియే పుట్టును. పిల్లలు ఎట్లును చూచి నేర్తురు. గోడమీద అన్న బొమ్మ లేకున్న, సినిమా ప్రకటనను చూచి నేర్తురు; లేదా నేటి చేతిఫోనును చూచి. కావున చూపవలెనా వద్దా యనునది ప్రశ్న కాదు. ఏమి చూపవలెననునదే ప్రశ్న.

క్యాలెండరు దేవతలకును, నటుల ముఖములకును గళ్లు గీసి తీసిన నకళ్లు ఎంత చక్కగా నున్నను గోడకెక్కింపకుండుటయే మేలు. చెఱువుగట్టు, నూర్పిళ్లు, అమ్మమ్మ నిద్రించు నులకమంచము — పిల్లవాడు స్వయముగా చూచి వ్రాసినవి ఎక్కవలెను. పూర్తియైన పటము ప్రక్కన దాని చిత్తుప్రతియు, చెరిపి మరల గీసిన గుర్తులతో సహా, ఉండవలెను. తప్పు గీత లేని బొమ్మ పసివానిని భయపెట్టును. ప్రథమ, ద్వితీయ బహుమతుల చీట్లు అంటింపరాదు. పెద్దల కంటికెదురుగా ఎత్తున వ్రేలాడదీయు అలవాటు కూడ మానవలెను. ఐదేండ్లవాని కన్ను నేలకు మూడడుగులపై నుండును. త్రాడు అచ్చటనే కట్టవలెను. ఖర్చు అల్పము — ఒక పురికొసయు, బట్టలారవేయు క్లిప్పులును చాలును. దాని క్రిందనే నేలమీద కాగితములును సుద్దముక్కలును ఉంచుట మరువరాదు. చూచి కలిగిన ఉత్సాహము ఇంటికి పోవునంతలో చల్లారును.

ఈ మేలు చిన్నవారికి మాత్రమే యనుట పొరపాటు. పదమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున బొమ్మలు వ్రాయు చేయి తడబడును. తన గీతను నిజవస్తువుతో పోల్చుకొని, "నాకు రాదు" అని పిల్లవాడు కుంచె క్రింద పెట్టును. సరిగా అప్పుడే పదవ తరగతి పరీక్ష సమీపించును. తల్లిదండ్రులు రంగులపెట్టె పైయటుకపై పెట్టుదురు. అట్టి సమయమున ఒక ఆదివారము ఉదయము ఆ కుఱ్ఱవాడు గ్రంథాలయములో తన బొమ్మ ప్రక్కన కూర్చుండినచో, చంటివాడొకడు వచ్చి, "అన్నా, ఈ ఎద్దు కొమ్ము ఇట్లేల వంగినది?" అని యడుగును. సమాధానము చెప్పుటకైనను వాడు ఆ ఎద్దును మరియొకసారి చూచి రావలసియుండును.

నెలకొక పర్యాయము బొమ్మలు మార్చవలెను. దింపినవానిని వ్రాసినవారికే తిరిగి యియ్యవలెను, బీరువాకు కాదు. త్రాటిపై కొసన కొంతచోటు ఖాళీగా విడుచుట మంచిది. అది అరుగు ప్రక్కన మిగిలిన జానెడు చోటు. దానిని చిన్నవారే నింపుకొందురు.