పంచాయతీ ఎన్నికలు - అభ్యర్థుల మాటలు

ఉద్దానములో పంచాయతీ ఎన్నికలు వచ్చినపుడు వోటరును మొదట అడుగు ప్రశ్న "నీవు ఎవరి వర్గము?" అనునది. అభ్యర్థి ఏమి చేయుదునన్నాడను ప్రశ్న అరుదుగా వినబడును. 2021 మార్చిలో పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘమునకు జరిగిన ఎన్నికలు పార్టీల గుర్తులమీద జరిగినవి. అంతకు ముందు నెలలో చుట్టుపట్ల పల్లెలలో జరిగిన పంచాయతీ ఎన్నికలు, చట్టము ప్రకారము, పార్టీరహితములు. పార్టీ ప్రణాళిక లేనిచోట సర్పంచి అభ్యర్థి మాటయే అతని ప్రణాళిక. దానిని తూచుకొను పని వోటరుదే.

మంచినీటి విషయమునే తీసికొందము. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఎన్నియో కుటుంబములను క్రుంగదీసినది. దానికి కారణమిదియేయని శాస్త్రజ్ఞులు నేటికిని తేల్చి చెప్పలేదు. కనుక "నన్ను గెలిపించినచో ఈ వ్యాధిని రూపుమాపెదను" అను అభ్యర్థిని నమ్మనక్కరలేదు. "వంశధార నీరు తెచ్చెదను" అనువాని మాటయు అంతే. హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా ఆ నీటిని తెచ్చు 700 కోట్ల రూపాయల పథకము రాష్ట్ర ప్రభుత్వముది; 2023 డిసెంబరు 14న ప్రారంభమైనది. కాని ఆ నీరు చివరి వీధి కుళాయివరకు చేరుచున్నదా, ట్యాంకును ఎప్పుడు కడిగినారు, పగిలిన గొట్టమును ఎన్నాళ్లకు బాగుచేయుదురు అనునవి ఊరి సంగతులు. "నెలకొకసారి ట్యాంకు కడిగించి, నీటి పరీక్ష ఫలితమును గ్రామసభలో చదివించెదను" అనువాడు చిన్నమాట చెప్పినట్లే తోచును. అయితే ఏడాది తిరిగిన పిమ్మట అతనిని నిలదీయవచ్చును. వ్యాధిని మాపెదనన్నవానిని ఏమని నిలదీయగలము?

ఇక పైకము మాట. 15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు పంచాయతీలకిచ్చిన నిధులలో నూటికి 60 వంతులు మంచినీటికిని పారిశుధ్యమునకును మాత్రమే వెచ్చింపవలసినవి. అట్టి సొమ్ముతో కల్యాణమండపము కట్టించెదననుట కుదరదు. ఇంటిపన్ను పెంచననియు, వీధివీధికి కొత్త దీపములు పెట్టించెదననియు ఒకే నోట పలుకువానిని, కరెంటు బిల్లు ఎవరు కట్టుదురని అడుగవలెను. సర్పంచి పదవి స్త్రీకి కేటాయించిన ఊరిలో సమాధానము చెప్పుటకు భర్తగారు లేచినచో, ఆయనను కూర్చుండబెట్టి ఆమెనే అడుగుట మర్యాద.

ఏకగ్రీవమైన పంచాయతీలకు 2021లో ప్రభుత్వము జనాభానుబట్టి 5 లక్షలనుండి 20 లక్షల రూపాయలవరకు ప్రోత్సాహకము ప్రకటించినది. ఊరు కలసియుండుట మంచిదే. కాని నలుగురు పెద్దలు రచ్చబండమీద ఒక పేరు నిర్ణయించినచో, పోల్చి చూచుటకు రెండవ మాట మిగులదు. ఏకగ్రీవమే కావలెనన్నచో, సముద్రపుటొడ్డు పేటలవారితో సహా ఊరందరు వినునట్లు ఆ ఒక్క అభ్యర్థిచేతనైనను తన పనుల పట్టికను చదివింపవలెను.

ఆ పట్టికలో తుపాను మాట తప్పక ఉండవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇచ్చటి కొబ్బరి, జీడితోటలను నేలగూల్చినది. నష్టము లెక్కించువారు ప్రభుత్వోద్యోగులే. అయినను ఆ జాబితాను పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపజేయుట, పేరు ఎక్కనివారిచేత గడువులోగా అర్జీ వ్రాయించుట సర్పంచి చేయగల పనులు. తోట పడిపోయినను జాబితాలో పేరులేని రైతు ఎవరి తలుపు తట్టవలెను? దీనికి ఒక్కొక్క అభ్యర్థి ఏమి చెప్పునో నామినేషన్లనాడే అడిగి, వ్రాసి ఉంచుకొనుడు.