పొగాకు మొజాయిక్ తెగులు - వైరస్సు స్వరూపము



పొగాకు తోటలో నొకానొక మొక్క ఆకులమీద లేతపసుపు, ముదురాకుపచ్చ మచ్చలు కలగలసి అతుకులబొంతవలె కనుపించుట మీలో పలువురు చూచియే యుందురు. దానిని మొజాయిక్ తెగులందురు. వైరస్సు అనునది యొకటి కలదని లోకమునకు మొదట తెలియవచ్చినది ఈ తెగులు మూలముననే. కావున దాని స్వరూపమును మనకు పరిచితమైన ఈ యాకును పట్టుకొనియే చెప్పదలచితిని.

1892లో రష్యాదేశీయుడగు ఇవనోవ్‌స్కీ తెగులు పట్టిన ఆకులను నూరి, ఆ రసమును పింగాణీ గొట్టముగుండ వడియగట్టెను. బాక్టీరియా యను సూక్ష్మజీవులు ఆ గొట్టమును దాటిపోజాలవు. అయినను వడిసిన తేటరసము సోకిన మొక్కకు తెగులు తగిలెను. 1898లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయెరింక్ ఇది బాక్టీరియా కాదనియు, బ్రతికియున్న మొక్కలోనే వృద్ధిపొందుననియు తేల్చి, వైరస్సను పేరుతో వ్యవహరించెను. లాటిను భాషలో ఆ మాటకు విషమని యర్థము. 1935లో అమెరికాలో స్టాన్లీ ఆ రసమునుండి సూదులవంటి స్ఫటికములను తీసెను. పటికబెల్లమువలె పలుకులు కట్టిన వస్తువు, నీట కలిపి ఆకుకు రుద్దగనే రోగము పుట్టించుట అందరికిని వింతగొలిపెను.

దీని నిర్మాణము మిక్కిలి పొదుపైనది. లోపల ఆర్.ఎన్.ఏ. అను నొక పోగు; దాని చుట్టును మాంసకృత్తు తొడుగు. అంతియే. ఒకే అచ్చున పోసినట్టి సుమారు 2130 తునకలు మెలికగా చుట్టి తిరిగి బోలుకడ్డీయై ఆ తొడుగు ఏర్పడినది. మిల్లీమీటరు పొడవున ఇట్టి కడ్డీలు కొనకు కొన చేర్చినచో మూడువేలకు పైగా పట్టును! వడ్లగింజకు ఊకయెట్లో ఈ పోగునకు తొడుగట్లు. తెగులు పుట్టించు శక్తి పోగులోనిదే. వైరస్సులన్నియు కడ్డీలే కావు. బంతివలె నుండునవి పెక్కు. 1980లో భూమిమీద నిర్మూలమైనదని ప్రకటింపబడిన మశూచి వైరస్సు ఇటుకవలె నుండును. కొన్నిటిలో పోగు డి.ఎన్.ఏ.

ఇది తిండి తినదు, ఊపిరి పీల్చదు, తానై పెరుగదు. ఎండుటాకులో ఏండ్ల తరబడి ఊరక పడియుండును. ఆకు గీసుకొన్న సందున జీవకణములోనికి చొరబడినచో, ఆ కణపు సరంజామాతోనే తనవంటివానిని వేలకొలది చేయించుకొనును. ఇది సజీవమా, నిర్జీవమా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. రైతునకు ఆ తర్కముతో పనిలేదు.

తెగులు సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. పెన్సిలిన్ వంటివి బాక్టీరియా కణపు గోడను చెరచును. వైరస్సునకు ఆ గోడయే లేదు. జలుబునకు పెన్సిలిన్ పనిచేయకుండుటకును కారణమిదే. చుట్ట నలిపిన చేతితో టమాటా నారునో, మిరప నారునో ముట్టినచో ఆ చేయియే తెగులును మోసుకొనిపోవును. కావున చుట్టను గట్టుమీదనే విడిచి, చేతులు సబ్బుతో కడుగుకొని నారు పీకవలెను. మచ్చలు కనబడిన మొక్కను వేళ్లతో పెరికి తగులబెట్టవలెను. పెరికిన చేతితో ప్రక్కమొక్కను తాకరాదు. పొగాకు తలలు త్రుంచు దినమున ఈ సంగతి కూలివారికి ఉదయముననే చెప్పుడు. చెప్పనిచో, పాపము, వారి తప్పేమియు లేకయే సాయంకాలమునకు సాలంతయు అంటించిపోవుదురు.