కేసు కొట్టేశారన్న తర్వాత

 

పట్టాలందుకున్న మీలో చింతపల్లి ఘాట్ దిగి నర్సీపట్నం వచ్చి చదువుకున్నవాళ్లున్నారు. అందుకే మన్యం కేసు ఒకటి చెబుతాను. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టూ ఉన్న 14 ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే ఏజెన్సీ. అక్కడ గనులు తవ్వుకోమని గిరిజనేతరులకు సర్కారు లీజులిచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1/70 చట్టం చెబుతోంది కదా అని ‘సమత’ అనే సంస్థ హైకోర్టుకెళ్లింది. 1995లో పిటిషన్ కొట్టేశారు. ఆ నిషేధం ప్రభుత్వానికి వర్తించదన్నారు.

కేసు పోతే మన మాటే తప్పని తేలిపోయినట్టు ఊళ్లో అనుకుంటారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. సమత మాత్రం తాము ఓడిన చోటునే పట్టుకుంది. గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదని చట్టం చెప్పే ‘వ్యక్తి’లోకి ప్రభుత్వం వస్తుందా, రాదా? సుప్రీంకోర్టులో ముఖ్యంగా తేలాల్సింది అదే. 1997 జులై 11న జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ వస్తుందన్నారు. మూడో న్యాయమూర్తి జస్టిస్ పట్నాయక్ ఒప్పుకోలేదు. ఇద్దరి మాటే నిలిచింది. అంటే ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదు. రెండేళ్ల కిందట కొట్టేసిన వాదనే ఇప్పుడు దేశమంతా చెప్పుకునే తీర్పయింది.

కథ అక్కడితో సుఖాంతమని చెప్పను. ప్రభుత్వ సంస్థలు తవ్వుకునే వీలు ఆ తీర్పులోనే మిగిలింది. 2015లో జీవో 97తో మన పైనున్న చింతపల్లి, జెర్రెల అడవుల్లో బాక్సైట్ తవ్వకానికి ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీకి దారి తెరిచారు. మన్యం జనం ఊరుకోలేదు. 2019లో ప్రభుత్వమే ఆ జీవోను రద్దు చేసింది.

రేపు మీ ఊరివాళ్లు కోర్టు కాగితం పట్టుకుని మీ దగ్గరికే వస్తారు, చదువుకున్నవాళ్లు కదా అని. ‘అధికారుల మీద వేసిన కేసు కొట్టేశారు బాబూ’ అంటారు. ఓదార్చడం తర్వాత, ముందు ఎందుకు కొట్టేశారో చదివి చెప్పండి. వాయిదాకు వెళ్లలేదనా? అసలు హక్కే లేదనా? సివిల్ దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వలేదనా? కారణాన్ని బట్టే తర్వాతి దారి. హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లడానికి మామూలుగా 90 రోజుల గడువు. నకలు చేతికి రావడానికి పట్టిన రోజులు ఆ లెక్కలోకి రావు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఈ సంగతి తెలియక లాయరు ఫీజుకు భయపడి వదిలేసేవాళ్లున్నారు.

వాళ్లను ఉత్త చేతులతో పంపకండి. పక్కన కూర్చుని, తీర్పు నకలు కోసం ఆ రోజే దరఖాస్తు రాయించండి.